పేరు అచ్చేయిస్తే చాలదు

పిల్లల పుట్టినరోజు దగ్గర పడుతోందంటే చాలు, ఇవాళ ఓ మోస్తరు ఊళ్లో కూడా ఏదో ఒక దుకాణంలో కప్పు మీదో, కీచెయిన్ మీదో, దిండు గలీబు మీదో పేరు అచ్చేసి ఇస్తున్నారు. వాట్సాప్‌లో ఫొటో పంపితే సాయంత్రానికల్లా సిద్ధం. దాన్నే పర్సనలైజ్డ్ గిఫ్ట్ అంటున్నాం. కానీ 'సాహితి' అని రాసున్న కప్పు ఆ ఊళ్లో ఉన్న సాహితులందరికీ పనికొస్తుంది. ఆ పిల్ల సాంబారులో ములక్కాడలు తప్ప మిగతా ముక్కలన్నీ ఏరి పక్కన పెడుతుందని గానీ, క్యారమ్స్‌లో రెడ్ వేసేసి ఫాలో సంగతి మర్చిపోతుందని గానీ, వీధిలో ఉన్న మూడు కుక్కలకీ తనే పేర్లు పెట్టిందని గానీ ఆ కప్పుకి తెలియదు. ఈ అధ్యాయంలో చెప్పదలుచుకున్నది ఇదే: తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య ఉన్న బిడ్డకి సొంతంగా చేసిచ్చే కానుకలో అసలు సరుకు, ఈ ఏడాది ఆ బిడ్డని మీరు ఎంత దగ్గరగా చూశారన్నదే. ఆ సరుకు మోయడానికి కాగితాన్ని మించిన వాహనం లేదు. చవకైనదని నేనలా అనడం లేదు. మాటనీ బొమ్మనీ ఒకేచోట ఒప్పుకుంటుంది, తప్పు పోతే ఇంకో కాగితం తీసుకోవచ్చు, అవతలివాళ్లు దాన్ని ఎవరికీ కనబడకుండా దాచుకోవచ్చు. ఆ వయసుకి ఈ చివరి గుణం చాలా ముఖ్యం.

ఎందుకంటే అది పోల్చుకునే వయసు. ఆరేళ్ల పిల్లాడికి బొమ్మకారు ఇస్తే కారు వచ్చిన అట్టపెట్టెతో కూడా ఆడుకుంటాడు. పదకొండేళ్లవాడు ఆ కారు ఎంతో, పక్కింటివాడి దగ్గర ఏది ఉందో చూస్తాడు. కలర్ డ్రెస్ వేసుకుని క్లాసంతా చాక్లెట్లు పంచే రోజున ఏ చాక్లెట్ పంచారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. సాయంత్రం ఎవరింట్లో ఏ రిటర్న్ గిఫ్ట్ ఇచ్చారో నెల రోజులు గుర్తుంటుంది. ఇది మన పిల్లల తప్పేమీ కాదు. లాన్ చాప్లిన్, డెబోరా జాన్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో ఎనిమిది నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లల చేత 'నాకు సంతోషం ఇచ్చేవి' అనే అంశం మీద కొలాజ్‌లు చేయించారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్ల కంటే పన్నెండు, పదమూడేళ్ల వాళ్ల కొలాజ్‌లలో వస్తువులు ఎక్కువయ్యాయి. పదహారు దాటినవాళ్లలో మళ్లీ తగ్గాయి. దానికి సరిగ్గా తలకిందులుగా, తన మీద తనకుండే నమ్మకం ఆ మధ్య వయసులోనే కిందికి దిగింది. అంతవరకూ ఏ తల్లయినా చెప్పగల సంగతే. ఆశ్చర్యం తర్వాతి ప్రయోగంలో ఉంది. తోటి పిల్లలు తమ గురించి రాసిన మంచి మాటలున్న కాగితపు పళ్లేలు పిల్లల చేతికిచ్చి, ఆ తర్వాత అదే పరీక్ష పెట్టారు. పన్నెండు, పదమూడేళ్ల వాళ్లలో వస్తువుల మోజు బాగా తగ్గింది. ఖరీదైన కౌన్సెలింగ్ ఏమీ జరగలేదు. ఓ కాగితపు పళ్లెం, దాని మీద నాలుగు మాటలు.

ఒక్క పళ్లెంతో పిల్లల స్వభావం మారిపోతుందని ఆ పరిశోధకులూ అనలేదు, మనమూ అనుకోనక్కర్లేదు. కానీ కానుక చేసేవాళ్లకి అందులో గట్టి సూచన ఉంది: ఆ వయసులో బిడ్డకి వస్తువు కంటే ముందు అవసరమైంది 'నేనేమిటో వీళ్లకి తెలుసు' అన్న భరోసా. అయితే ఏం రాయాలన్న దగ్గర జాగ్రత్త పడాలి. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, బొమ్మల పజిళ్లు బాగా చేసినందుకు కొందరిని తెలివైనవాళ్లని మెచ్చుకున్నారు, కొందరిని కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిళ్లిచ్చి ఓడిపోయేలా చేస్తే, తెలివికి మెచ్చుకోలు అందుకున్నవాళ్లే త్వరగా నీరుగారిపోయారు. కాబట్టి పెద్దవాళ్లు చేసే కానుక మీద 'నువ్వు జీనియస్‌వి', 'మా బంగారు తల్లివి' లాంటివి రాయడం వృథా. పైగా ఆ మాటలు ఎవరికైనా రాయొచ్చు. 'వర్షంలో ఆగిపోయిన ఆటోలో చెల్లెలు ఏడుస్తుంటే అంత్యాక్షరి మొదలుపెట్టావు' అని రాయండి. 'రూబిక్స్ క్యూబ్ మూడో వరస దగ్గర పదిసార్లు విసిరికొట్టి పదకొండోసారి మళ్లీ తీశావు' అని రాయండి. పొగడ్త ఒక్క ముక్క లేకుండానే అవి పొగడ్తలైపోతాయి. బిడ్డ వాటిని కాదనలేదు కూడా, ఎందుకంటే అవి జరిగాయి.

ఇలాంటివి పుట్టినరోజుకి ముందురోజు రాత్రి కూర్చుంటే గుర్తుకు రావు. నెల ముందు నుంచి ఫోన్‌లోనో, పాల లెక్కలు రాసే పుస్తకం వెనకో ఒక్కో ముక్క రాసిపెట్టుకోవాలి. ఇంట్లో వాళ్లకి తెలిసేది సగమే. మిగతా సగం ట్యూషన్ టీచర్ దగ్గరా, స్కూలు ఆటో అన్న దగ్గరా, కింది పోర్షన్‌లో ఉండే మామ్మగారి దగ్గరా, మరీ ముఖ్యంగా తమ్ముడి దగ్గరా ఉంటుంది. తమ్ముడికి అక్క గురించి తెలిసినంత దేవుడికి కూడా తెలియదు. ఏం రాయకూడదో కూడా ఆలోచించండి. మార్కులు వద్దు. ఒళ్లు, రంగు, మొటిమలు, పళ్లకి కట్టిన తీగ, వీటి జోలికి సరదాకైనా వెళ్లొద్దు. చిన్నప్పటి ముద్దుపేరు బిడ్డకి ఇప్పటికీ ఇష్టమో కాదో కనుక్కోకుండా అట్ట మీద ఎక్కించొద్దు. మూడేళ్లప్పుడు ఇష్టపడిన యునికార్న్ ఇప్పుడు ఆ పిల్లకి పరువు తక్కువ కావచ్చు. ఈ ఏడాది బిడ్డకి చేస్తున్న కానుక ఇది. పోయినేడాది బిడ్డకి చేస్తే గమనించలేదని మనమే చాటుకున్నట్టు.

ఇక చేతిపని సంగతి. ఇంట్లో చేసిన వస్తువు ఎలా ఉన్నా ప్రేమ కనిపిస్తుందిలే అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఈ ధీమా పొరపాటని కాగితంతోనే రుజువైంది. హార్వర్డ్‌లో మైకేల్ నార్టన్ మరో ఇద్దరితో కలిసి 2012లో ప్రచురించిన పరిశోధనలో, ఓరిగామీ రాని మనుషుల చేత కాగితపు కొంగల్నీ కప్పల్నీ మడత పెట్టించి, వాటికి ఎంత ఇస్తారని అడిగారు. చేసినవాళ్లు తమ బొమ్మకి సగటున 23 సెంట్లు కట్టారు. చేతులు తిరిగినవాళ్లు చేసినవాటికి బయటివాళ్లు కట్టిన 27 సెంట్లకి అది దాదాపు సమానం. అదే కొత్తవాళ్ల బొమ్మల్ని బయటివాళ్లకి చూపిస్తే 5 సెంట్లే అన్నారు. చేసిన చేతికి తన మడతలో ఉన్న వంకర కనిపించదన్నమాట. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నది మన సామెతే కదా. పదకొండేళ్ల బిడ్డ మాత్రం బయటి మనిషిలాగే చూస్తుంది; మీ ప్రేమ మీద అనుమానంతో కాదు, కళ్లు పదునుగా ఉండే వయసు కాబట్టి. అందుకని నాకు తోచిన తీర్పు ఇది: పెద్ద పనికి పోయి చెడగొట్టే కంటే చిన్న పనిని శుభ్రంగా చేయండి. పొరలు పొరలుగా తెరుచుకునే ఎక్స్‌ప్లోజన్ బాక్సులు, కాగితం చుట్టలతో చేసే క్విల్లింగ్ పూలు చూడ్డానికి బాగుంటాయి, కానీ మొదటిసారి చేసేవాళ్ల జిగురు మరకల్ని అవి దాచవు.

మొదటిసారికి ఒక్క కాగితంతో చేసే ఎనిమిది పేజీల పుస్తకాన్ని మించింది లేదు. ఏ4 కాగితం తీసుకుని, పొడుగు అంచులు రెండూ కలిసేలా మడిచి విప్పండి. తర్వాత పొట్టి అంచులు కలిసేలా మడిచి విప్పి, ఆ రెండు అంచుల్నీ మధ్య మడత దాకా తెచ్చి నొక్కి మళ్లీ విప్పండి. ఎనిమిది గళ్లు కనిపిస్తాయి. ఇప్పుడు పొట్టి అంచులు కలిపి సగానికి మడిచి, అంచుల వైపు కాకుండా మడత వైపు నుంచి, మధ్య గీత వెంట ఒక్క గడి మేరకే కత్తెర వేయాలి. విప్పి చూస్తే కాగితం నడుమ రెండు గళ్ల పొడవున చీలిక ఉండి, అంచులు చెక్కుచెదరకుండా ఉండాలి. పని చెడేది ఎప్పుడూ ఇక్కడే, కత్తెర అంచుదాకా వెళ్లిపోయి. కాగితాన్ని పొడవునా సగానికి మడిచి, రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నెడితే చీలిక నోరు తెరుస్తుంది, నాలుగు రెక్కలు నిలబడతాయి. వాటిని ఒకే వైపుకి తిప్పి అణిచేస్తే అరచేతిలో పట్టే పుస్తకం, 105 మిల్లీమీటర్ల ఎత్తు, 74 వెడల్పు. చుక్క జిగురు తగలదు. మడిచి ఉండగానే పెన్సిల్‌తో పేజీ నంబర్లు వేసుకుని, ఆ తర్వాత విప్పి రాయండి, ఎందుకంటే విప్పిన కాగితంలో సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి. అట్ట రెండు పేజీలు పోగా మిగిలేవి ఆరు. ఆరు సంగతులు చాలు. ఇందులో ఇంకో సుఖం ఉంది. కాగితం వెనక వైపు మొత్తం ఖాళీ. పుస్తకాన్ని పూర్తిగా విప్పితే తప్ప కనబడని ఆ చోట ఉత్తరమో, వీధి పటమో, చిక్కుముడి ప్రశ్నో పెట్టొచ్చు. రహస్యాలంటే ప్రాణమిచ్చే వయసుకి ఇది కాగితం తనంతట తానే ఇచ్చిన వరం.

సామాను గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. జూన్ వచ్చిందంటే పుస్తకాలన్నిటికీ బ్రౌన్ అట్టలు వేసే ఇళ్లలో మడతని గోటితో నొక్కడం ఎవరికీ నేర్పనక్కర్లేదు. పుస్తకానికి మామూలు జిరాక్స్ కాగితమే మేలు, మందమైతే మడతలు పగులుతాయి. గ్రీటింగు కార్డుకి, పెట్టెకి మాత్రం గట్టి అట్ట కావాలి; బీరువా కింద పేరుకుపోయిన పెళ్లి శుభలేఖల్ని మించిన అట్ట దుకాణంలో కూడా దొరకదు, పేర్లున్న వైపు లోపలికి పెట్టుకుంటే సరి. మందపు అట్టకి పీచు ఒక దిశలో ఉంటుంది. రెండు వైపులా మెల్లగా వంచి చూసి, తేలిగ్గా వంగిన దిశలోనే మడత వేస్తే అంచు పగలదు. మడిచే ముందు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు ఆనించి గీత నొక్కండి. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి కాబట్టి పల్చటి కాగితం ముడతలు పడుతుంది. అక్కడ గ్లూ స్టిక్ వాడండి. కార్డు తెరవగానే బొమ్మ లేచి నిలబడాలంటే, మడత మీద పక్కపక్కన రెండు సమానమైన కోతలు పెట్టి, ఆ పట్టీని లోపలికి నెట్టి, దాని మీద బొమ్మ అతికించాలి. కోత పొడవు ఒక పేజీ వెడల్పులో సగానికి లోబడి ఉండాలి, లేకపోతే మూసినప్పుడు పట్టీ బయటికి తొంగిచూసి గుట్టు విప్పేస్తుంది. ఇంకా మెలకువలు కావాలంటే, పారేసే వస్తువులతో బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా పుస్తకాలు కొన్ని తెలుగులోనే ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి.

కాగితపు కానుకకి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. షటిల్ రాకెట్ అడిగిన పిల్లాడి చేతిలో కాగితం పెడితే వాడికి ఏడుపొస్తుంది, రావడం న్యాయం కూడా. ఆరు నెలలుగా అడుగుతున్న వస్తువుని కొనివ్వకుండా, 'డబ్బు కంటే ప్రేమ గొప్పది' అని నీతి చెప్పడం పిల్లల దృష్టిలో పిసినారితనమే. కొనగలిగితే రాకెట్ కొనండి. కాగితం రాకెట్‌కి పోటీ కాకూడదు, దాని పక్కన ఉండాలి. కొనలేని ఇల్లయితే ఆ మాట కాగితం చాటున దాచొద్దు. 'ఈసారి కుదరలేదు, సంక్రాంతికి చూద్దాం' అని నోటితో చెప్పి, తర్వాత ఇది ఇవ్వండి. ఆ వయసు బిడ్డకి డబ్బు సంగతి అర్థమవుతుంది. అర్థం కానిది నటన.

రెండోది పరువు సమస్య. స్నేహితులందరి ముందూ కేకు కోశాక అమ్మ రాసిన పుస్తకాన్ని గట్టిగా చదివించారంటే, ఆ బిడ్డ వచ్చే ఏడాది మిమ్మల్ని ఆ దరిదాపులకి కూడా రానివ్వదు. ఇవ్వాల్సింది పొద్దున్నే, తలంటుకి ముందో, స్కూలు బ్యాగులో లంచ్ బాక్స్ పక్కనో. చదివాక ఎలా ఉందని అడక్కండి. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి, అది వాళ్లది. మగపిల్లలకి ఇలాంటివి పట్టవన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. పట్టవని తేల్చేసి వాళ్లకి ఇవ్వడం మానేశాం కాబట్టి అలా కనిపిస్తోందని నా అనుమానం. పూలూ లేసులూ తీసేసి, ఆ ఏడాది వాడు వేసిన ఓవర్ల స్కోర్‌బోర్డునో, వాడి సైకిలు పడ్డ గుంతలతో సహా కాలనీ పటాన్నో చేసి చూడండి. మౌనంగా తీసుకెళ్లి దిండు కింద పెట్టుకుంటే అది మెచ్చుకోలే.

మూడోది రాయడం రాదన్న బెరుకు. ఇది నాన్నల్లో ఎక్కువ. బొమ్మ గీయడానికి, కత్తిరించడానికి సిద్ధమే, మాట రాయమంటే పెన్ను పక్కన పెట్టేస్తారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, కృతజ్ఞతతో ఉత్తరాలు రాసినవాళ్లు అందుకున్నవాళ్లకి ఎంత సంతోషం కలుగుతుందో తక్కువగా అంచనా వేశారు, ఇబ్బందిగా ఉంటుందేమోనని ఎక్కువగా భయపడ్డారు. రాసేవాళ్ల దృష్టి మాట కుదిరిందా లేదా అన్నదాని మీద ఉంటే, అందుకున్నవాళ్లు అందులో ఆప్యాయతని చూశారు. అందులో పాల్గొన్నవాళ్లు పిల్లలు కాదు, నిజమే. కానీ అక్షరదోషాల కోసం ఉత్తరం చదివే పదకొండేళ్లవాడు ఎక్కడుంటాడు? దస్తూరీ బాగాలేకపోతే బాగాలేకుండానే రాయండి. టైపు చేసి ప్రింటు తీస్తే మళ్లీ కప్పు మీద అచ్చేయించిన పేరు దగ్గరికే వచ్చాం.

ఈమధ్య కూపన్ పుస్తకాల మోజు కూడా పెరిగింది: 'ఒక రోజు హోంవర్క్ మాఫీ', 'నాన్నతో సినిమా', 'రాత్రి పదకొండు దాకా మేలుకోవచ్చు' అని చీటీలు రాసి కుట్టి ఇస్తారు. ఆలోచన మంచిదే, కానీ నాకు వీటి మీద నమ్మకం తక్కువ. చీటీ తెచ్చిచ్చిన రోజున నాన్నకి మీటింగ్ ఉంటుంది, వచ్చే వారం చూద్దామంటాడు, మూడోసారి బిడ్డ అడగడం మానేస్తుంది. అప్పటికి ఆ కాగితం మీ సంతకంతో సహా ఒక అబద్ధానికి రుజువై కూర్చుంటుంది. చేయక తప్పదనుకుంటే మూడే చీటీలు రాయండి, ఒక్కోదానికి తేదీ మీరే వేయండి, ఆ తేదీలు ముందు మీ క్యాలెండర్‌లోకి ఎక్కించుకోండి.

దూరాన ఉన్నవాళ్లకి మాత్రం ఈ కళ ఇంకా ఎక్కువగా అక్కరకొస్తుంది. రాజమండ్రిలో అమ్మమ్మ, న్యూజెర్సీలో మనవరాలు. ఆ పిల్లకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఆన్‌లైన్‌లో ఏది ఆర్డర్ పెట్టినా అక్కడివాళ్లు కొనిచ్చేదాని కంటే వేరుగా ఉండదు. ఎనిమిది పేజీల పుస్తకంలో పేజీకో బొమ్మ గీసి, కింద పెద్ద అక్షరాలతో ఒక్క మాటే రాస్తే చాలు: గడపకి పెట్టిన పసుపు, పెరట్లో ఆ పిల్ల వేలు గీరుకున్న గులాబీ కొమ్మ, పోయిన వేసవిలో తను ఎక్కనని మారాం చేసిన గోదావరి లాంచీ. ఫోన్‌లో ఒక్కో వారం ఒక్కో పేజీ ఇద్దరూ కలిసి చదువుకోవచ్చు. 'తిన్నావా, స్కూలుకెళ్లావా' దాటి మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. జిరాక్స్ కాగితం ఒకటి 80 జీఎస్ఎందైతే సరిగ్గా ఐదు గ్రాములు తూగుతుంది కాబట్టి మామూలు కవర్లోనే వెళ్లిపోతుంది. నలగకుండా పక్కన ఓ శుభలేఖ అట్ట పెట్టండి, పుట్టినరోజుకి నెల ముందే పోస్టు చేయండి. చమ్కీలు అతికించాలన్న సరదా ఉంటే మటుకు చంపుకోవాలి. అవి దారి పొడవునా రాలి, కవరు విప్పిన చోట కార్పెట్‌లో దూరి, వచ్చే పుట్టినరోజు దాకా కూతురి చేత అమ్మమ్మని తిట్టిస్తూనే ఉంటాయి.